అత్యవసర జాబితాలో టైగర్

ఒక పెద్ద అడవిలో ఒక ఇరుకు గుహ ఉండేది. గుహ ఇరుకే గానీ దాని మీద బోర్డు మాత్రం బాగా పెద్దది: ‘శునక సంక్షేమ శరణాలయం’. మనుషులు ముద్దుగా పెంచుకుని, మోజు తీరాక అడవి పొలిమేరలో దించేసి పోయిన కుక్కల్ని అందులో కుక్కేవారు. పది పట్టే చోట నలభై. ఒకటి మొరిగితే మిగతావన్నీ అందుకునేవి. కొన్ని తిండి మానేశాయి. కొన్ని తమ తోకలు తామే కొరుక్కున్నాయి.

ఆ గోలకి సింహంగారి మధ్యాహ్నం నిద్ర చెడింది. అంతే, అడవికి హఠాత్తుగా కరుణ పుట్టుకొచ్చింది.

“ఏడు రోజుల్లో వీటికి ఇళ్లు చూడండి. మిగిలినవాటిని ఏటి అవతల వదిలేయండి” అని ఆజ్ఞ అయింది. ఏటి అవతల ఉండేవి చిరుతలు. చిరుతలకి కుక్కలంటే ఎంత ఇష్టమో అందరికీ తెలుసు.

నక్క కార్యదర్శిగా కమిటీ వేశారు. కమిటీ రెండు రోజులు తను కూర్చోవడానికి మంచి నీడ వెతుక్కుంది. మూడో రోజు ఒక నిబంధన కనిపెట్టింది: బాగా ఒత్తిడిలో ఉన్న కుక్కలకే ముందు ఇళ్లు. ఒత్తిడి ఉందని కొంగ డాక్టరు రాసివ్వాలి.

కుక్కలు కావాలని వచ్చిన జంతువులు దరఖాస్తులు పట్టుకుని గుహ ముందు బారులు తీరాయి. వాటిలో సోమక్క అనే ఎలుగుబంటి ఉంది. తను తేనె కోసం చెట్టెక్కినప్పుడు కింద ఒక తోడు ఉంటే బాగుండునని ఆమె చాన్నాళ్లుగా అనుకుంటోంది.

గుహలో ఓ మూల గోధుమరంగు కుక్కొకటి ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది. మనుషులు దానికి టైగర్ అని పేరు పెట్టారు. పులులున్న అడవిలో ఆ పేరు పైకి చెప్పుకునే ధైర్యం దానికి లేదు.

సోమక్క దాని పక్కన చతికిలబడింది. కాసేపటికి టైగర్ తిరగడం ఆపి, ఆమె పాదం మీద తల పెట్టుకుంది. సోమక్క మనసు కరిగిపోయింది.

“నాకిది కావాలి, కార్యదర్శిగారూ.”

“దానికేం భాగ్యం! డాక్టరుగారు చూసి రాస్తే చాలు.”

కొంగ ఒంటికాలి మీద నిలబడి టైగర్‌ని పరీక్షించింది. “హాయిగా ఉంది. ఒత్తిడి లేదు. అత్యవసరం కాదు” అని జాబితాలో పేరు కొట్టేసింది.

“నేను పక్కనున్నానని నెమ్మదించింది బాబూ! నేను పోతే మళ్లీ మొదలు.”

“అయితే నువ్వు పోయాక చూస్తాం” అంది నక్క.

సోమక్క వెళ్లింది. టైగర్ మళ్లీ తిరగసాగింది. పేరు ఎక్కింది. మర్నాడు తీసుకెళ్దామని సోమక్క వచ్చింది. టైగర్ తోకాడించింది. పేరు పోయింది. ఐదో రోజూ ఇదే వరస.

“మరి అత్యవసరం కానివాటి సంగతేంటయ్యా?”

“వాటికి తొందరేముందమ్మా? ఏడో రోజు తర్వాత చూస్తాం.”

“అప్పటికి చిరుతలు తినేస్తాయి కదా!”

“అది మా శాఖ కాదు.”

సోమక్కకి ఒళ్లు మండింది. వెళ్తూ వెళ్తూ టైగర్ చెవిలో చెప్పింది: “ఒరేయ్ నాయనా, రేపు ఆ కొంగ రాగానే పట్టుకుని కరిచెయ్.”

“అలవాటు లేదక్కా. మా ఇంట్లో దొంగ పడితే కూడా తోకే ఆడించాను.”

“అందుకేరా నిన్ను ఇక్కడ దించిపోయారు.”

ఆరో రోజు టైగర్ కళ్లు గట్టిగా మూసుకుని కొంగ కాలు పట్టేసింది. ఆనుకున్న ఒక్క కాలూ చిక్కేసరికి కొంగ దబ్బున పడింది. పడ్డచోటి నుంచే రాసింది: “తీవ్రమైన ఒత్తిడి. జాబితాలో మొదటి స్థానం.”

సోమక్క సంబరపడబోయింది. నక్క గొంతు సవరించుకుంది. “మొదటి స్థానం కుక్కని సింహంగారే స్వయంగా దత్తత తీసుకుంటారు. రేపే సభ.”

ఏడో రోజు గుహ ముందే పందిరి వేశారు. డప్పులు వచ్చాయి. ‘కరుణామయులు’ అని చిలక మైకులో పదిసార్లు అరిచింది. శాలువా కప్పుకున్న సింహంగారు వణుకుతున్న టైగర్‌ని ఒళ్లోకి తీసుకుని, జనం వైపు తిరిగి నవ్వారు. డప్పులన్నీ ఒక్కసారిగా మోగాయి. టైగర్ హడలిపోయి నోటికి అందినదాన్ని పట్టుకుంది. అందింది సింహంగారి ముక్కు.

“తీసెయ్యండి దీన్ని! ఎవరికైనా ఇచ్చెయ్యండి!”

“ఇలా తెండి” అంటూ సోమక్క అప్పటికే వేదిక ఎక్కేసింది. దరఖాస్తు ఎవరూ అడగలేదు. టైగర్ ఆమె భుజం మీద తల వాల్చింది. “ఇప్పుడు దీనికి ఒత్తిడి...” అని కొంగ మొదలుపెట్టేలోగా నక్క దాని నోరు నొక్కేసింది.

మిగతా ముప్పైతొమ్మిదీ ఇదంతా చూస్తూనే ఉన్నాయి. సభ ముగిసేలోగా కమిటీలో కాటు పడని ఒళ్లు లేదు. దరఖాస్తు పట్టుకున్న ప్రతివారికీ ‘తీసుకుపోండి, తీసుకుపోండి’ అని కుక్కని చేతిలో పెట్టి పంపారు. పొద్దు వాలేసరికి గుహ ఖాళీ. ‘కమిటీ అవిశ్రాంత కృషి ఫలితం’ అని నక్క కట్టు కట్టిన తోకని పక్కకి సర్దుకుని నివేదిక రాసుకుంది.

నీతి: అర్హత ఉన్నవాడి చేత దరఖాస్తు పెట్టిస్తారు, పళ్లున్నవాడికి పని చేసిపెడతారు.