సముద్రానికి సున్నం

పర్యాటక శాఖ మంత్రిగారు పగడాల దీవిని స్వయంగా సందర్శించి, సముద్రానికి భరోసా ఇస్తారని ప్రకటన వెలువడింది. సముద్రం నుంచి అభ్యంతరమేదీ రాలేదు. ఆ చారిత్రక ఘట్టాన్ని పాఠకులకు అందించే భాగ్యం విలేకరిగా నాకు దక్కింది.

మేం దిగేసరికి రేవు నుంచి గెస్ట్‌హౌస్ దాకా దారి పక్క రాళ్లకీ, కొబ్బరిచెట్ల మొదళ్లకీ సున్నం కొట్టి ఉంది. ఒక చెట్టుకి కట్టేసిన మేకకి కూడా మోకాళ్ల దాకా కొట్టారు. మంత్రిగారు ఎక్కడికెళ్లినా ముందు చూసేది సున్నమే. అది తెల్లగా ఉంటే పరిపాలన బాగున్నట్టు.

దీవి అధికారి మాత్రం నన్ను పక్కకి లాగాడు.

"నీళ్లు వేడెక్కి పగడాలన్నీ చచ్చి తెల్లబడ్డాయండీ. రంగురంగులుగా కళకళలాడుతున్నాయని మొన్ననే రిపోర్టు పంపాను. ఇవాళ ఆయన చూశారంటే నా ఉద్యోగం ఊడినట్టే."

"చూడకుండా చెయ్యలేరా?"

"అడుగున అద్దమున్న పడవ ఆయన కోసమే తెప్పించాను, నా ఖర్మ."

పడవ బయల్దేరింది. దాన్ని నడిపేది ఆ దీవిలోనే ఉండే ఒకావిడ. మంత్రిగారు వంగి అద్దంలోంచి చూశారు. కింద కనుచూపు మేర తెలుపు. అధికారి కళ్లు మూసుకున్నాడు.

"ఎవరయ్యా దీనికి బాధ్యులు?"

"నేనే సార్. క్షమించండి."

"క్షమించడమేంటయ్యా? నేనొస్తున్నానని నీళ్లలో రాళ్లక్కూడా సున్నం కొట్టించావా? ఇన్నేళ్ల రాజకీయంలో నీలాంటి ఆఫీసర్ని చూళ్లేదు."

అధికారి ఒక కన్ను తెరిచాడు. "ఏదో, మా శక్తి కొద్దీ సార్."

"నీళ్లకి ఊడదా?"

"క్వాలిటీ సున్నం సార్."

అందరూ చప్పట్లు కొట్టారు. చేతిలో నోట్‌బుక్ ఉండటం వల్ల నేను కాస్త ఆలస్యంగా కొట్టాను.

పడవావిడ ఇంజన్ ఆపేసింది.

"అయ్యా, అది సున్నం కాదు. పగడం చచ్చిపోయింది. చేపలన్నీ పోయాయి. మా ఆయనా, మరిదీ పక్క దీవికెళ్లి వల వేస్తున్నారు. అక్కడింకా పగడం రంగుల్లోనే ఉంది. దాన్నన్నా పట్టించుకోండి. అదీ పోతే మాకు బతుకు లేదు."

మంత్రిగారికి కళ్లు చెమ్మగిల్లాయి. ప్రజల బాధ వింటే ఆయన తట్టుకోలేరు. పీఏ వైపు తిరిగారు.

"విన్నావా? పక్క దీవికి ఇంకా సున్నమే వెయ్యలేదట. జనం నోరు తెరిచి అడిగేదాకా ఏం చేస్తున్నారు మీరంతా?"

సాయంత్రం సభలో అధికారికి శాలువా కప్పి, దీవులన్నిటికీ డైరెక్టర్ని చేశారు. అర్జీ పెట్టుకున్న మొదటి పౌరురాలిగా పడవావిడకి కూడా దండ వేశారు. ఆవిడ దాన్ని తీసి బల్ల మీద పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

మర్నాడు తిరుగు ప్రయాణానికి రేవులో నిలబడ్డాను. సున్నం బస్తాలు ఎక్కించుకున్న ప్రభుత్వ లాంచీలు రాత్రి నుంచీ పక్క దీవి వైపు వెళ్తూనే ఉన్నాయి. వాటి వెనకే ఆవిడ పడవ, ఎంత వేగం పెంచినా అందుకోలేకపోతోంది. కొత్త డైరెక్టర్ గారు అక్కడి అధికారితో ఫోన్లో మాట్లాడుతున్నారు.

"పని ఎంతవరకు వచ్చిందయ్యా?"

స్పీకర్లోంచి వినయంగా జవాబొచ్చింది.

"సగం పైగా తెల్లబడింది సార్. అక్కడక్కడా ఇంకా కొన్ని చేపలు తిరుగుతున్నాయి. మంత్రిగారు వచ్చేలోపు శుభ్రం చేయించేస్తాం."