లో వోల్టేజి వర్ధిల్లాలి!

లో వోల్టేజిని తిట్టేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. మా నారిన్ కొండల చలికాలంలో మనుషుల్ని మనుషుల్లా ఉంచుతున్నది అదొక్కటే. కావాలంటే పందెం!

సాయంత్రమయ్యేసరికి మా ఇంట్లో బల్బు దోరగా వేగిన ఉల్లిపాయ రంగుకి తిరుగుతుంది. ఆ వెలుగులో మా ఆవిడ జీనెప్ పెళ్లినాటి అందంతో కనిపిస్తుంది. నేనూ ఆమెకి అలాగే కనిపిస్తున్నానని ఆశ. ఫుల్ వోల్టేజి ఉన్న ఊళ్లలో కాపురాలు ఎలా నిలబడుతున్నాయో!

ఫ్రిజ్ మూలుగుతుంది తప్ప పనిచేయదు. బయట అంత మంచు పెట్టుకుని ఫ్రిజ్ కూడా పనిచేయాలనడం అత్యాశ కాదా? వాషింగ్ మెషీన్ చొక్కాని సగం తిప్పి ఆలోచనలో పడుతుంది. దాన్ని చూసే నేను ఓర్పు నేర్చుకున్నాను.

ఇక ఇరుగుపొరుగు సంగతి. పట్నంలో పక్కింట్లో ఏం వండుతున్నారో ఎవరికి తెలుసు? మాకు బల్బే చెబుతుంది. కొంచెం మసకబారితే పక్కింటి తుర్దకూన్ ఇంట్లో టీ. బాగా మసకబారితే వియ్యాలవారు దిగారు, మాంసం ఉడుకుతోంది. మేం చేతులు కడుక్కుని బయల్దేరతాం.

ఆ తుర్దకూన్ ఈమధ్య పెద్ద స్టెబిలైజర్ కొన్నాడు. అది టక్కుమన్నప్పుడల్లా వాళ్లింట్లో వెలుగు పెరుగుతుంది, మా ఇంట్లో తగ్గుతుంది. ఊరుకుంటానా? అంతకన్నా పెద్దది కొన్నాను. ఆపైన వీధంతా కొంది. ఇప్పుడు సాయంత్రమైతే ఇంటింటా టక్కుటక్కులే, ఒకే దుప్పటిని అందరూ తలోవైపు లాక్కుంటున్నట్టు. ఇంత ఐకమత్యం ఇంకెక్కడైనా చూశారా?

ఒక్క బురుల్చా అక్కకే ఈ ఆనందం పట్టదు. ఆమెది వీధి చివరి ఇల్లు. అక్కడికి చేరేసరికి కరెంటుకి ప్రాణం ఉండదు. గుడ్లు పొదిగే కరెంటు పెట్టెలో ఆమె టర్కీ కోడి గుడ్లు పెట్టింది. ఆ పిల్లలు బతికితేనే ఆమెకి ఏడాది గడుస్తుంది. పెట్టె చల్లబడిపోతోందని, ట్రాన్స్‌ఫార్మర్ మార్చమని ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చివరికి ఇన్‌స్పెక్టర్‌ని రప్పించింది. వోల్టేజి తక్కువని అతను రాస్తేనే కొత్తది వస్తుంది.

ఇన్‌స్పెక్టర్ ఎర్మెక్ జీపు దిగాడు. పట్నం నుంచి వచ్చిన అతిథి! చూడకుండా ఉంటామా? ఇంట్లో మనిషి లేకపోతే హీటరు ఆర్పేయడం మా అలవాటు. వీధి వీధంతా హీటర్లు ఆర్పేసి పొలోమని బురుల్చా అక్క ఇంటికి చేరాం. అతిథికి కరెంటు కెటిల్లో టీ ఇస్తే పరువేం కాను? పెరట్లో టీ నీళ్లు కాచే బొగ్గుల సమోవర్ రాజేశాం. తుర్దకూన్ గొర్రెని కోసి కట్టెల పొయ్యి మీద ఉడికించాడు. పెద్ద మర్యాదగా తలకాయ అతిథి ముందు పెట్టాం.

తిని, చెయ్యి తుడుచుకుని, అతను మీటరు ప్లగ్గులో పెట్టాడు. నిండుగా రెండు వందల ఇరవై.

“అక్కా, ఇంత మంచి కరెంటు మా ఇంట్లో కూడా లేదు,” అన్నాడు ఎర్మెక్.

“కాసేపు ఆగు తమ్ముడూ. వీళ్లంతా ఇళ్లకెళ్లి హీటర్లు వేసుకోనీ, అప్పుడు చూడు,” అంది బురుల్చా అక్క.

“చీకటిపడితే కనుమ దారి మూసేస్తారక్కా. నేను చూసిందే రాయాలి. అయినా కరెంటుదేం తప్పు లేదు. మీరు వాడకుండా ఉంటే చాలు.”

ఇంత గొప్ప మాట ఎంత తన్నుకున్నా నా కలంలోంచి రాదు.

బురుల్చా అక్క లోపలికెళ్లి గుడ్ల పళ్లెం తెచ్చింది. ఎర్మెక్ గొర్రెతోలు కోటు గుండీలు విప్పి ఒక్కో గుడ్డే లోపల సర్దింది.

“మా మాంసం తిన్నావు, ఒళ్లు వెచ్చగానే ఉంది. కూర్చో.”

పెట్టినదాన్ని కాదనడం అతిథికి మర్యాద కాదు కదా, కూర్చున్నాడు. మేం ఒక్కొక్కరం ఇళ్లకు పోయి హీటర్లు వేసుకున్నాం. స్టెబిలైజర్లు టక్కుమన్నాయి. ఆ తర్వాతి సంగతి అక్క చెప్పిందే. అక్క ఇంట్లో బల్బు ఎర్రబడింది. ప్లగ్గులోని మీటరులో అంకె జారుతూ ఉంటే ఎర్మెక్ కళ్లారా చూశాడు. కలం కోసం చెయ్యి ఎత్తబోయాడు.

“కదలకు తమ్ముడూ, పగులుతాయి,” అంది బురుల్చా అక్క. “ముందు పొదుగు. తర్వాత రాద్దువుగాని.”

చెప్పండి, ఆఫీసు మనిషి చేత ఇంత పని చేయించడం ఫుల్ వోల్టేజి వల్ల అవుతుందా?