లినెట్ గారి సున్నా

జూన్ ముప్పై ఉదయం డారిల్ పెట్టుకున్న పని ఒక్కటే: టీ చల్లారేలోగా హాస్పిటల్ బీమాలో చేరడం. గోడలకు ప్లాస్టరింగ్ చేసి చేసి అరిగిన మోకాలికి ప్రభుత్వాసుపత్రి క్యూలో మోకా ఎప్పుడొస్తుందో తెలియదు. ఆస్ట్రేలియాలో ముప్పై దాటాక చేరకుండా గడిపిన ప్రతి ఏడాదికీ ప్రీమియం మీద రెండు శాతం అదనం వడ్డిస్తారు. డారిల్‌కి యాభై ఏళ్ళ లెక్కన ఇవాళ నలభై శాతం. రేపు జులై ఒకటి, నలభై రెండు. ప్రీమియం అసలే ప్రియం!

భార్యాభర్తలు కలిసి చేరితే ఇద్దరి అదనాన్నీ సగటు చేస్తారని ఆన్‌లైన్ ఫారంలో కనిపించింది. భార్య లినెట్ ఇరవై ఎనిమిదో ఏటి నుంచీ బీమా కడుతోంది. ఆమెది సున్నా. నలభైలో సగం ఇరవై! ఆమెనూ చేర్చేసి మీట నొక్కాడు. మరుక్షణం ఆమె ఫోన్‌కి మెసేజ్ వెళ్ళింది.

"నా సున్నాలో నీ నలభై కలిపావా?" లినెట్ వంటింట్లోంచి ఊడిపడింది.

"సగటు, లినెట్! సగటు!"

"సగటు మగాడివి, ఇంకేం తడుతుంది? పాతికేళ్ళు నేను బీమా కట్టాను, నువ్వు చేపల పడవ కొన్నావు. ఇప్పుడు నీ ఆలస్యం నా నెత్తినా?"

లినెట్ తన అక్క రేలీన్‌కి ఫోన్ చేసింది. రేలీన్ ఊళ్ళోవాళ్ళంతా బంతులు దొర్లించి ఆడుకునే బౌల్స్ క్లబ్బులో చెప్పింది. మధ్యాహ్నానికి క్లబ్బు కార్యదర్శి, "ఏంటి డారిల్, పెళ్ళాం పేర అప్పు తెచ్చావటగా?" అని పరామర్శించాడు.

పాలసీ విడదీయించడానికి లినెట్ బీమా కంపెనీకి ఫోన్ చేసింది. ఆఖరిరోజు రద్దీ. రెండు గంటలు ఒకే పాట వినిపించాక స్పీకర్‌లో ఓ అమ్మాయి పలికింది.

"మేడమ్, మీ పాత పాలసీ పళ్ళకీ కళ్ళజోళ్ళకీ మాత్రమే. హాస్పిటల్ కవర్ మీకు ఏనాడూ లేదు."

"నాకా? పాతికేళ్ళుగానా?"

"ఒక్కరోజు కూడా లేదు. మీకు యాభై మూడు కదా, నలభై ఆరు శాతం పడుతుంది. కలిపి ఉంచితే ఇద్దరికీ నలభై మూడు. విడదీయమంటారా?"

డారిల్ కుర్చీలోంచి లేచాడు. "విడదీయమను! నాది నలభయ్యే!"

"నోర్ముయ్ డారిల్," అని లినెట్ ఫోన్‌లోకి మెత్తగా అంది: "ఇరవై ఆరేళ్ళ కాపురమమ్మా. విడదీస్తారా ఎవరైనా?"

ఆలుమగలు బరువు సమానంగా మోయాలంటారు. డారిల్ వాటాకి మూడు శాతం ఎక్కువ పడింది.