నోటి ఉపవాసం

శనివారం పొద్దున పొయ్యి వెలిగించకముందే ఆ ఇల్లాలు ఒక నిశ్చయానికి వచ్చింది. రేపు చర్చిలో ప్రభు బల్ల దగ్గరికి వెళ్లి రొట్టె తీసుకునేదాకా ఎవరినీ కసరకూడదు, దెప్పకూడదు, గొంతు పెంచకూడదు. పోయిన నెల చర్చి మెట్ల మీదే కూతురిమీద కేకలేసి, ఆ నోటితో రొట్టె తీసుకోవడానికి భయమేసి, చివరి బెంచీలో తలవంచుకుని కూర్చుండిపోయింది. ఈసారి అలా జరగడానికి వీల్లేదు. అయితే ఉపవాసం చాటుకుంటే ఫలం దక్కదని పాస్టరుగారు చెప్పి ఉన్నారు. కాబట్టి ఈ నోటి ఉపవాసం సంగతి ఆమెకూ దేవుడికీ తప్ప మూడో కంటికి తెలియదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ ఇంట్లో ఆమె కేకే గడియారం. మొదటి కేకకు కూతురు లేస్తుంది, రెండో కేకకు పళ్లు తోముతుంది, మూడో కేకకు బూట్లు దొరుకుతాయి. ఆరోజు కేక పడలేదు. పిల్ల తీరిగ్గా లేచి, తల దువ్వుకోకుండా, తండ్రి చెప్పులేసుకుని బడికి బయలుదేరింది. తల్లి గుమ్మంలో నిలబడి పళ్లు బిగించి నవ్వింది.

"మీ అమ్మ ఏమీ అనలేదా?" అంది టీచరు ఆ చెప్పులు చూసి.

"లేదు టీచర్. నవ్వింది," అంది పిల్ల, కళ్లనీళ్లు పెట్టుకుని.

ఆ తల్లి గొంతు టీచరుకు గేటు అవతలినుంచే పరిచయం. వెంటనే తండ్రికి ఫోన్ చేసింది. "ఇంట్లో అంతా క్షేమమేనా అండీ?"

తండ్రి ఎలక్ట్రీషియన్. అప్పటికి నిచ్చెన మీద ఉన్నాడు. పొద్దున తాను తడి తువ్వాలు మంచం మీద పడేస్తే భార్య కిమ్మనకుండా తీసి ఆరేసిన సంగతి గుర్తొచ్చింది. ఎవరి గోడకో తీగలు వేలాడదీసి ఇంటికి పరుగెత్తాడు.

"ఏమైందే? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందండీ. పని మధ్యలో వదిలేసి వచ్చారా? మంచిపని చేశారు."

అతను గిరుక్కున తిరిగాడు. వంటింట్లోకి పోయి తల్లిని పట్టుకున్నాడు. "అమ్మా, దాన్నేమైనా అన్నావా?"

"నేనేమంటాన్రా! కూరలో ఉప్పు లేదన్నాను. 'అవునత్తయ్యా' అంది. అవునంది రా! పుట్టింటికి పోదామని తేల్చుకున్న ఆడదే అట్లా మాట్లాడుతుంది. పాస్టరుగారికి కబురు పెట్టేశాను."

పాస్టరుగారు మధ్యాహ్నానికి వచ్చారు. బయట ముసురు పట్టడంతో, రేపటికని ఉతికిన తెల్లబట్టలన్నీ ముందుగదిలోనే తీగమీద ఆరుతున్నాయి. వాటికింద కూర్చుని ఆమె బిగబట్టిన నవ్వును పరిశీలించారు.

"ఈ బిడ్డ హృదయంలో పెద్ద భారముంది. ఈమెను నొప్పించినవాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే ఒప్పుకోండి."

భర్త నేలచూపులు చూశాడు. "మిక్సీ కాల్చింది నువ్వు కాదే. బాగుచేద్దామని విప్పి నేనే కాల్చాను. అప్పట్నుంచీ నిన్నే ఆడిపోసుకుంటున్నాను."

ఆమె నోటిదాకా వచ్చిన తిట్టును మింగేసింది.

"అమ్మాయ్," అంది అత్తగారు. "పిల్ల అన్నం తినట్లేదని బెంగపడతావే, నువ్వు వడ్డించేలోపు నేనే బిస్కెట్లు పెడుతున్నానమ్మా."

ఏ జబ్బో ఏమోనని పిల్లను ఆస్పత్రుల చుట్టూ తిప్పిన తల్లి, పైట చెంగు నోట్లో కుక్కుకుంది. అది దుఃఖమనుకుని పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్లు మూసుకున్నారు. పిల్లల తల్లి కళ్లు పూర్తిగా ఎప్పుడు మూతపడ్డాయి గనుక!

"ప్రభువా, ఈ ఇంటిని తెల్లగా కడుగు..."

అప్పుడే బడినుంచి వచ్చిన కూతురు, బొమ్మల క్లాసులో రంగులైన చేతులు చూసుకుంది. కడుక్కోమని కేక రాలేదు. తీగదాకా నడిచి, ఒక చెయ్యి తండ్రి చొక్కాకూ, రెండోది తల్లి చీరకూ తుడుచుకుంది.

"ఒసేయ్! చేతులు విరగ్గొడతాను! ముందు మీ నాన్న చెప్పులు విడువు! ఏమండీ, మిక్సీ తగలేసింది చాలక చోద్యం చూస్తున్నారా? అత్తయ్యా, ఇంకొక్క బిస్కెట్ పెట్టారో! పాస్టరుగారూ, లేవండి, మీరు కూర్చున్నది ఇస్త్రీ దుప్పటి!"

"స్తోత్రం!" అన్నారు పాస్టరుగారు, లేస్తూ.

"మనిషి దక్కింది," అంది అత్తగారు కళ్లు తుడుచుకుని. భర్త నిట్టూర్చి నిచ్చెన దగ్గరికి పోయాడు. పిల్ల గంతులేస్తూ వెళ్లి చేతులు కడుక్కుంది.

ఆదివారం, మనసులు తేలికపడ్డ తల్లీకొడుకులు ముందు వరుసలోనుంచి బల్ల దగ్గరికి నడిచారు. ఇల్లాలు మాత్రం చీరమీది పచ్చమరకను చేత్తో కప్పుకుని, చివరి బెంచీలో ఉండిపోయింది.

మొత్తానికి ఆ ఉపవాసంవల్ల ఇంటిల్లిపాదీ శుద్ధి అయ్యారు, చేసినావిడ తప్ప.