నిప్పు తగలని చాక్లెట్

ఈ నెల పదహారున బడిలో 'నిప్పు లేని వంట' పోటీ జరుగుతుందనీ, ఎనిమిదేళ్ళలోపు పిల్లలు పొయ్యి వెలిగించకుండా ఇంట్లో ఒక తీపి పదార్థం చేసి తేవాలనీ, అది పూర్తిగా పిల్లలే స్వయంగా చేయాలనీ, ఈ మేరకు తల్లిదండ్రులు హామీపత్రం మీద సంతకం పెట్టాలనీ మా అమ్మాయి చదివే బడి ప్రధానోపాధ్యాయిని సర్క్యులర్ పంపారు. పిల్లల్లో స్వావలంబన పెంచడం పోటీ లక్ష్యమట. అంత గొప్ప లక్ష్యాన్ని పిల్లల చేతికి వదిలేయడం బాధ్యతారాహిత్యమని నేనూ నా భార్యా వెంటనే గ్రహించాం. ముందు సంతకం పెట్టి, ఆ తర్వాత పనిలోకి దిగాం.

నేను బోల్టుల కర్మాగారంలో కొలతలు తనిఖీ చేస్తాను. వెంట్రుకవాసి తేడా ఉన్నా బోల్టును తిప్పి పంపే అధికారం నాకు ఉంది. ఇంట్లో అటువంటి అధికారం ఏదీ లేదు కనుక, దొరికిన అవకాశాన్ని వదులుకోను. ద్రాక్షపళ్ళను కరిగిన చాక్లెట్‌లో ముంచి, ఫ్రిజ్‌లో పెట్టి తీయాలని నిర్ణయించాం. పదిహేను నిమిషాల పని. తొమ్మిది రోజుల్లో పూర్తిచేశాం.

మొదటి చిక్కు, పొయ్యి లేకుండా చాక్లెట్ కరగడం. దీని మీద న్యాయసలహా కోసం వకీలు అయిన మా బావమరిదిని పిలిపించాం. అతను సర్క్యులర్ రెండుసార్లు చదివాడు.

"బావా, ఇందులో పొయ్యి అన్నారు గానీ వేడి అనలేదు. ఇస్త్రీపెట్టె పొయ్యి కాదు. ఏ కోర్టులోనైనా నిలబడుతుంది."

"గీజరు నీళ్ళో?" అంది నా భార్య.

"గీజరు స్నానాలగదిలో ఉంటుందక్కా. వంట కిందికే రాదు."

పక్కగదిలో మంచం మీదినుంచి మా అమ్మ అడిగింది. "ఒరేయ్, పోటీ పిల్లకా, వకీలుకా?"

ఆమె అభ్యంతరాన్ని సమావేశం గౌరవపూర్వకంగా విని పక్కన పెట్టింది.

మేము ఇస్త్రీపెట్టెను తిరగేసి, మీటను ఎంత వేడి దగ్గర పెట్టాలో చర్చిస్తుండగా ఏడేళ్ళ మా అమ్మాయి బల్లకింది నుంచి బయటికి వచ్చింది. చేతిలో స్టీలు పళ్ళెం. అందులో గోధుమరంగు పూసుకున్న ద్రాక్షపళ్ళు నాలుగు, సగం కొరికినది ఒకటి.

"కరిగింది నాన్నా."

"ఎట్లా కరిగిందే?"

"కాగితం విప్పకుండా చంకలో పెట్టుకుని కూచున్నా. ఎక్కాలన్నీ చదివేసరికి మెత్తబడింది. మూల చింపి పిండేశా. ఇదొక్కటి ఎట్లుందో చూద్దామని తిన్నా. బాగుంది. ఇదే తీసుకెళ్దాం నాన్నా, నేనే చేశాగా."

పళ్ళేన్ని పరీక్షించాను. పొయ్యి వెలిగించలేదు. పెద్దలు చెయ్యి వేయలేదు. నిబంధనల్లో ఏ ఒక్కటీ తప్పలేదు. దాని లోపమంతా అదే. చూడగానే చిన్నపిల్ల చేసిందని తెలిసిపోతోంది.

నాకెందుకో భయం వేసింది. దాన్ని కొంచెం దగ్గరగా చూశాను. నలుగురు ఆ పళ్ళెం ముందు ఆగి, 'పాపం, ఇంట్లో పట్టించుకునేవాళ్ళు లేరేమో' అనుకుంటారన్న భయం అది. పిల్ల ఓడిపోతుందన్న బాధ అందులో ఎంత వెతికినా దొరకలేదు. దొరకనందుకు కాస్త సిగ్గువేసింది. సిగ్గు పనికి అడ్డం వస్తుంది కనుక ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"ఎంత బాగా చేశావే నా తల్లీ," అంది నా భార్య. "ఇది ఇంట్లో తిందాం. బడికి ఇంకోటి చేద్దాం."

"చేద్దాం అంటే నేనా?"

"నువ్వే. మేం ఊరికే దగ్గరుంటాం."

దగ్గరుండటం కోసం నా భార్య ఆఫీసుకు రెండు రోజులు సెలవు పెట్టింది. నేను కర్మాగారం నుంచి కొలతల పరికరం తెచ్చి అరవై నాలుగు ద్రాక్షపళ్ళను తనిఖీ చేసి ఇరవై ఒక్కటి ఆమోదించాను. నిప్పు లేని వంటలో నాకు రెండు వేళ్ళు కాలాయి. అమ్మాయికి పర్యవేక్షణ అప్పగించాం. ఆమె కుర్చీలో కూచుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మమ్మల్ని చూస్తూ ఉంది.

తీరా పూర్తయ్యాక అసలు ప్రమాదం బయటపడింది. పళ్ళు అద్దాల్లా మెరుస్తున్నాయి. పిల్ల చేసిందంటే ఎవరూ నమ్మరు. కాబట్టి అక్కడక్కడా చిన్నపిల్లల పొరపాట్లు అమర్చాలని తీర్మానించాం. అమ్మాయి చేత మూడు వేలిముద్రలు వేయించాం గానీ, అవి సహజంగా రాలేదు. వాటిని తుడిచేసి, నా భార్య తన చిటికెనవేలితో వేసింది. అవి అచ్చం చిన్నపిల్లవే అనిపించాయి.

పోటీ రోజు పొద్దున అమ్మాయి తన స్టీలు పళ్ళేన్ని బడిసంచిలో పెట్టుకుంది. తీసి ఫ్రిజ్‌లో పెట్టాం. మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ తీశాం. మూడోసారి తీసినప్పుడు మా ఇద్దరి మొహాలూ కాసేపు చూసి, సంచి మూసేసింది. పిల్లకు బుద్ధి పెరుగుతోందని సంతోషించాం.

హాల్లో నలభై పళ్ళేలు. ఒకచోట చాక్లెట్ కోట, చుట్టూ కందకం, కందకంలో దానిమ్మ గింజలు. దాని పక్కనే బొటనవేలికి కట్టుతో ఒక తండ్రి నిలబడ్డాడు. "మీ బాబు ఎంత ఓపికగా చెక్కాడండీ," అన్నాను. "వాడంతే అండీ, పట్టుకుంటే వదలడు. మూడు రోజులు ఆఫీసుకు కూడా వెళ్ళలేదు," అన్నాడాయన. నేను మర్యాదగా తల ఊపాను.

ప్రధానోపాధ్యాయిని మైకు అందుకున్నారు. "పిట్ట కొంచెం కూత ఘనం అంటారు. ఈ చిట్టి చేతులు రేపటి సమాజాన్ని నిర్మించబోతున్నాయి. మొదటి బహుమతిని మేము అందానికి ఇవ్వడం లేదు, నిజాయితీకి ఇస్తున్నాం. ఈ ద్రాక్షల మీద వేలిముద్రలు చూడండి. ఏ పెద్దవాళ్ళూ ఇట్లా వేయలేరు."

మా అమ్మాయిని వేదిక మీదికి పిలిచారు. ఎట్లా చేసిందో తన మాటల్లో చెప్పమన్నారు. అన్నీ ఆలోచించాం గానీ ఉపన్యాసం సంగతి మరిచాం. నా భార్య నా చెయ్యి నలిపేస్తూ, "ఏవండీ, ఇస్త్రీపెట్టె అంటుందేమో," అని గొణిగింది.

అమ్మాయి మైకు దగ్గరికి జరిగి మావైపు ఒకసారి చూసింది.

"అన్నీ నేనే ముంచాను మేడమ్. అమ్మ సాయం చేస్తానంది. నేనే వద్దన్నా. నాన్న అయితే, ఓడిపోయినా ఫరవాలేదు గానీ నీ చేత్తో నువ్వే చెయ్యి తల్లీ అన్నారు." ఇక్కడ కొంచెం ఆగి, కళ్ళు దించుకుంది. "అందుకే అక్కడక్కడా వేళ్ళు తగిలాయి. సారీ మేడమ్."

ఒక్క మాటా తడబడలేదు. ఆ మాటలు మేము రాసివ్వలేదు, నేర్పలేదు, కనీసం దగ్గర కూడా లేము. ప్రధానోపాధ్యాయిని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తల్లిదండ్రులందరూ లేచి చప్పట్లు కొట్టారు. వాళ్ళ పక్కన ముప్పై తొమ్మిది మంది పిల్లలు ఆ చప్పట్లను ఎంతో శ్రద్ధగా వింటున్నారు.