మొద్దుబారినట్టు బంధువు సంతకం

మత్తు సూది వేశాక రోగికి నొప్పి ఉండదన్నది మా ఊరి పళ్ల ఆసుపత్రి నియమావళిలో మూడో నిబంధన. ఉన్నా ఉండదు. నాకు మాత్రం ఇరవై రెండేళ్లుగా ఒక సందేహం: సూది వేశాక కూడా కేక పెట్టే మనిషి అబద్ధమాడుతున్నట్టా? నొప్పినిచ్చింది దేవుడు గనుక ఆయన్నే అడిగాను. ఆయన నియమావళి చదివినట్టు లేదు.

సందేహం ఎక్కడిదంటే, పెళ్లయిన కొత్తలో మా ఆవిడ చేతి బొటనవేలికి గోరుచుట్టు లేచి చీము పట్టింది. సూది వేసి కోశారు. ఆవిడ గోల పెట్టింది. "మందిచ్చాం కదమ్మా, ఇంకా నొప్పేంటి?" అన్నాడు కాంపౌండరు. "అంతా భయమేలెండి, కానివ్వండి" అన్నాను నేను, ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని (ధైర్యం చెప్పడానికి కాదు, లాక్కోకుండా).

మొన్న ఆవిడకే దవడ పన్ను దగ్గర చిగురు వాచి చీము పట్టింది. నాలుగు రోజులు మంచినీళ్లు కూడా మింగలేకపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లాను.

అక్కడి పద్ధతి చాలా శాస్త్రీయమైనది. మొదటి గదిలో సూది వేస్తారు. మూడో గదిలో పన్ను పీకుతారు. నడిమి గదిలో మొద్దుబారుట పర్యవేక్షకుడు ఉంటాడు. ఆయనకు ఒక గోడ గడియారం, ఒక ఫారం ఇచ్చారు. ఐదు నిమిషాలు కాగానే నోరు మొద్దుబారినట్టు లెక్క. ఫారంలో "మొద్దుబారిందా?" అన్న ప్రశ్నకెదురుగా రెండు గళ్లు: అవును, పూర్తిగా అవును. తిమ్మిరెక్కిన నోటి మాట స్పష్టంగా ఉండదు గనుక సంతకం బంధువు పెట్టాలి. (నొప్పి ఒకరిది, ధ్రువీకరణ ఇంకొకరిది. కాపురాలు తెలిసినవాళ్లే రాసి ఉంటారు.)

సూది వేసి ఐదు నిమిషాలయ్యాయి. పర్యవేక్షకుడు సన్నని ఉక్కు పుల్లతో చిగుళ్ల మీద పొడిచాడు. ఆవిడ కుర్చీలోంచి లేచిపోబోయింది.

"ఇది భయం" అని ఆయన గడియారం చూసి చెప్పాడు. "సంతకం పెట్టండి మాస్టారూ, వెనక పద్నాలుగు మంది ఉన్నారు."

పెన్ను తీసుకున్నాను. ఆవిడ "నొప్పి" అంటూ నా వంక చూసింది, అంతే.

"నొప్పి ఉందంటోంది కదండీ" అన్నాను.

"అలా రాయడానికి గడి లేదండీ."

నేనే మూడో గడి గీసి, పక్కన "లేదు" అని రాసి, అందులో టిక్కు పెట్టాను. పర్యవేక్షకుడు ఫారం పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాడు (రోగి గురించి కాదు, గడి గురించి).

డాక్టరమ్మ వచ్చి నోట్లోకి చూసింది. "మత్తు సూది వాపులోనే వేశారేంటయ్యా? నొప్పి కబురు నరం వెంట సాగాలంటే దాని పొరలో చిన్న తలుపులు తెరుచుకుని ఉప్పు లోపలికి రావాలి. మన మందు నరంలోకి దూరి ఆ తలుపులు మూస్తుంది. చీమున్న చోట ఆమ్లమెక్కువ, మందు దూరలేదు. పైగా వాపుకి రక్తం ఎక్కువ, ఉన్న కాస్తా కొట్టుకుపోతుంది. వాపుకి దూరంగా, వెనకాల నరం వచ్చే దారిలో ఇవ్వాలి. ఇచ్చి పదిహేను నిమిషాలు ఆగాలి."

"నిబంధన ఐదేనండీ."

"ఆ మాట నరానికి చెప్పు."

"చీము పట్టిన బొటనవేలికైనా ఇంతేనా డాక్టరుగారూ?" అని అడిగాను.

"ఎక్కడైనా ఇంతే."

పద్నాలుగు మంది వింటుండగా మా ఆవిడ వైపు తిరిగాను. "అప్పుడు నీది భయం కాదే. నిజంగా నొప్పే. తప్పు నాది."

ఆవిడ తలూపింది. రెండో సూది వేశారు.

"పదిహేను నిమిషాలు ఓపిక పట్టగలరా అమ్మా?" అంది డాక్టరమ్మ.

"ఈయనకి ఇరవై రెండేళ్లు పట్టింది" అంది మా ఆవిడ, వాచిన దవడ చేత్తో పట్టుకుని. "నరమే నయం."