జగ్గమ్మ కుట్టిన గాలిగొట్టం

ఆ ఆదివారం జగన్నాధానికి ఉన్నది ఒకే ఒక్క పని, పన్ను పీకించుకోవడం. కింది దవడలో ఆ పన్ను మూడు వారాలుగా అతని ప్రాణం తోడేస్తోంది. పళ్ళ డాక్టరు నరసన్నపేటకి ఆదివారాలే వస్తాడు, పన్నెండింటికల్లా తలుపులు మూసుకుని వెళ్ళిపోతాడు. జగన్నాధం పనిచేసేది విమానం నడపడం నేర్పే ఒక పచ్చిక మైదానంలో. అక్కడ గడ్డి కోయడం నుంచి గేటు తీయడం దాకా అన్నీ అతనే. అందుకని మాస్టారు మోహనకృష్ణ షరతు మీద సెలవిచ్చాడు. హేమ అనే శిష్యురాలు ఇవాళ మొదటిసారి ఒంటరిగా ఎగరాలి. ఆమె దిగగానే ఇతను బస్సెక్కవచ్చు.

గాలి జోరు తెలియడానికి మైదానంలో ఒక స్తంభానికి నారింజరంగు గుడ్డగొట్టం కట్టి ఉంటుంది. పాతది చిరిగితే, జగన్నాధం భార్య జగ్గమ్మ నిన్న కొత్తది కుట్టింది. పన్నునొప్పితో అతను దాన్ని సరిగ్గా చూడనైనా చూడకుండా కట్టేశాడు. పది నిమిషాల్లో అది ఆనపకాయలా ఉబ్బి కూర్చుంది.

"అమ్మో, ఇంత గాలే!" అన్నాడు మోహనకృష్ణ. "ఈ గాలిలో ఆ అమ్మాయిని పంపితే నా ఉద్యోగం ఊడుతుంది. తగ్గేదాకా ఆగుదాం."

"ఆకు కదల్నేదు సార్!"

"కింద కదలదయ్యా. పైన ఉంటుంది."

హేమ విమానం నీడలో కూర్చుని గోళ్ళు కొరకడం మొదలుపెట్టింది. జగన్నాధం దవడ పట్టుకున్నాడు.

సముద్రం అక్కడికి దగ్గరే. ఒడ్డునున్న పల్లెవాళ్ళకి చేపలవేటకి వెళ్ళేముందు ఆ గొట్టంకేసి చూడటం అలవాటు. చదువుకున్నవాళ్ళు కట్టింది, అబద్ధం చెప్పదని వాళ్ళ నమ్మకం. ఉబ్బిన గొట్టాన్ని చూసి హడలిపోయి, అప్పటికే వెళ్ళినవాళ్ళకి ఫోన్లు కొట్టి వెనక్కి పిలిపించారు.

"చూశావా?" అన్నాడు మోహనకృష్ణ, ఒడ్డుకేసి చెయ్యి చాపి. "సముద్రం మీద పుట్టి పెరిగినవాళ్ళే తిరిగొచ్చేస్తున్నారు! నేలలో గూటాలు పాతి విమానాలు తాళ్ళతో కట్టెయ్."

ఎండలో గూటాలు కొట్టి కొట్టి జగన్నాధం చేతులు బొబ్బలెక్కాయి. ఒక్కో దెబ్బకీ పన్ను జివ్వుమంది. విమానాలే కట్టేస్తున్నారని తెలిసి పల్లెవాళ్ళు పడవలన్నీ పైకి లాగేసుకున్నారు. పదకొండున్నరకి చేపలమ్మే దానమ్మ ఖాళీ గంపతో గేటు దగ్గర దిగింది.

"ఏటి బావా, ఎప్పుడొస్తాది మీ గాలి? సేపలు నేక నానేటి అమ్ముకుంటాను?"

"మీ పడవలు తిరిగొచ్చినాయనే కదే మా సారు ఇమానాలు కట్టించినాడు!"

"మీ గొట్టం ఉబ్బినాదనే కదా మావోళ్ళు తిరిగొచ్చినారు!"

ఇద్దరూ తలెత్తి గొట్టాన్ని చూశారు. సరిగ్గా అప్పుడే జగ్గమ్మ గంజి కారేజీతో వచ్చి, తనూ చూసి మురిసిపోయింది.

"సూసినావా, ఎంత బాగా నిలబడ్డాదో! పాతదానికి ఎనక కొస తెరిసే ఉండీది. గాలంతా ఒట్టినే పోతన్నాదని మూసి కుట్టీసినాను. డబల్ కుట్టు!"

మోహనకృష్ణ కత్తెర తెచ్చి జగన్నాధం చేతికిచ్చాడు. జగన్నాధం నిచ్చెనెక్కి కొస కత్తిరించగానే లోపల చిక్కిన గాలంతా పోయి గొట్టం దండెం మీది తడితువ్వాలులా వేలాడింది. జగ్గమ్మ మొహం కూడా అలాగే అయింది.

"ఇప్పుడెళ్ళనా సార్?" అని లేచింది హేమ.

"తాళ్ళు విప్పవయ్యా, తొందరగా!"

పావుతక్కువ పన్నెండు. బస్సు ఎలాగూ పోయింది. జగన్నాధం నిట్టూర్చి మొదటి ముడి మీద చెయ్యి వేశాడో లేదో, పడమట నల్లటి మబ్బు లేచింది. ఆ వెనకే గాలి. టీకొట్టు రేకులు ఎగిరాయి, కుర్చీలు ఎగిరాయి, దానమ్మ గంప గేటు దాటిపోయింది. అరగంట సేపు ఎవరికీ కళ్ళు తెరవడానికి లేదు.

గాలి ఆగాక చూస్తే విమానాలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. పడవలూ భద్రం, మనుషులూ భద్రం. దానమ్మ జగ్గమ్మ చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నీ సెయ్యి సల్లగుండ! మా ఒడ్డుకీ ఒకటి కుట్టీయే. కొస మూసీసే కుట్టు." మోహనకృష్ణ యజమానికి ఫోన్ చేసి, తను ముందే పసిగట్టానని చెప్పుకున్నాడు. హేమని వచ్చే ఆదివారం రమ్మన్నాడు. ఆవిడ దిగాకే జగన్నాధానికి సెలవన్నాడు.

జగన్నాధం గూటం పక్కన కూర్చుని, చల్లారిన గంజి తాగుతూ నాలుకతో పన్నుని ఒకసారి తోసి చూశాడు. అంత గాలికీ అది ఇసుమంత కూడా కదల్లేదు.